లారీ టాపు మీది మనిషి యార్డు బాధ్యత

తోతాపురి మామిడి సీజన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లాలో అందరి కళ్లూ జ్యూస్ ఫ్యాక్టరీల గేట్ల మీదే ఉంటాయి. ట్రాక్టర్లు ఎంత దూరం బారులు తీరాయి, కిలోకు ఎంత కడుతున్నారు, కర్ణాటక కాయను రానిస్తారా లేదా అన్నవే మాటలు. 2025లో కిలోకు 4 రూపాయలు ప్రభుత్వం కలిపి ఇస్తామన్నాక కూడా రైతులు గేట్ల ముందు రాత్రులు గడపాల్సి వచ్చింది. ఆ కష్టం గురించి పేపర్లు రాశాయి, నాయకులు వచ్చి చూశారు. అది జరగాల్సిందే. నేను అడుగుతున్నది అదే గేటుకు లోపలి సంగతి. సరుకు నింపుకున్న లారీ టాపు మీద నిలబడి పట్ట లాగే మనిషి కింద పడితే ఎవరు జవాబు చెప్పాలి? లారీ ఓనరా, హమాలీ మేస్త్రీనా, బాడుగ మాట్లాడిన బ్రోకరా, లోడు ఎత్తించిన ఫ్యాక్టరీనా? నా జవాబు ఒకటే. లోడు ఎవరి గేటు లోపల జరుగుతుందో వాళ్లే.

నేను లారీలకు టార్పాలిన్ పట్టలు కుట్టేవాణ్ణి. చిత్తూరు బైపాస్ పక్కన రేకుల షెడ్డులో మా నాయన మొదలుపెట్టిన దుకాణం ఇప్పుడు నా చేతిలో ఉంది. బెంగళూరు రోడ్డు మీద, చెన్నై రోడ్డు మీద తిరిగే బండ్ల పట్టలు చినిగితే నా దగ్గరికే వస్తాయి. లారీ మనుషుల సంగతి నాకు వాళ్ల పట్టల వల్లే ఎక్కువ తెలుసు. గాలికి చినిగిన పట్ట అంచు పొడవునా పీలికలై ఉంటుంది. చువ్వ తగిలి చినిగింది మూల తిరిగిన చీలికగా ఉంటుంది. ఐలెట్, అదే తాడు దూర్చే ఇత్తడి కన్ను, బట్టతో సహా ఊడి వచ్చిందంటే మాత్రం ఎవరో దాన్ని బలమంతా పెట్టి గుంజారని అర్థం. అట్లాంటి పట్ట చేతికి వచ్చినప్పుడు, కన్ను ఊడిన క్షణంలో తాడు పట్టుకొని వెనక్కి వాలిన మనిషి ఏమయ్యాడని డ్రైవరును అడుగుతాను. కింద నిలబడి గుంజినవాడైతే నేలమీద కూలబడి, దుమ్ము దులుపుకొని లేచాడంటారు. టాపు మీద నుంచి గుంజినవాడైతే డ్రైవరు కాసేపు మాట్లాడడు.

ఈ పని దగ్గర నుంచి చూడనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెబుతాను. లోడు పూర్తయ్యాక క్లీనరు గానీ హమాలీ గానీ పైకెక్కుతాడు. నిచ్చెన ఉండదు. టైరు మీద ఒక కాలు, బాడీ కొక్కెం మీద ఇంకో కాలు, ఆ పైన చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు. కిందివాళ్లు మడత పట్టను పైకి అందిస్తారు. పట్ట ఎంత బరువుంటుందో చాలామంది ఊహించరు. 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు పట్ట అంటే 720 చదరపు అడుగులు, దాదాపు 67 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 650 గ్రాములు తూగే పీవీసీ గుడ్డతో కుడితే గుడ్డ ఒక్కటే 43 కిలోలు అవుతుంది. అంచు తాడు, కన్నులు కలిస్తే ఇంకాస్త. పాత కాన్వాసు పట్ట అయితే వానలో తడిశాక ఇద్దరు మోయలేరు. దాన్ని క్యాబిన్ వైపు నుంచి వెనక్కి పరుస్తూ మనిషి వెనక్కే నడుస్తాడు. చూపు పట్ట మీద, అడుగు క్రేట్ల అంచుల మీద. క్రేటుకూ క్రేటుకూ మధ్య సందు పట్ట కింద కనబడదు. చివరికి వచ్చేసరికి వెనక ఇంకా చోటుందో లేదో కాలితో తడుముకొని తెలుసుకోవాల్సిందే.

మన దగ్గర మామిడి సీజన్ ముదిరేది ఆషాఢంలో. మన రాయలసీమలో ఆషాఢం గాలి ఎట్లుంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. సగం పరిచిన పట్ట కిందికి ఆ గాలి దూరితే పట్ట పైకి లేస్తుంది. అంచు పట్టుకున్న మనిషి వదలడు. పట్ట ఎగిరిపోతే తిట్లు పడతాయని వాడి భయం. వదలకపోతే దాంతో పాటు వాడూ పోతాడు. మా దుకాణానికి వచ్చే ప్రతి క్లీనరు కుర్రాడికీ నేను చెప్పేది ఒకటే. గాలి పట్టిన పట్టను వదిలెయ్ నాయనా, చినిగితే నేను కుట్టిస్తాను.

లారీ ఎత్తు 2020లో సవరించిన రవాణా నిబంధనల ప్రకారం 4 మీటర్ల దాకా ఉండొచ్చు. 4 మీటర్ల నుంచి జారిన మనిషి సెకను తిరగకముందే నేలను తాకుతాడు. తాకేటప్పటికి వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటి ఉంటుంది. ఇంతకంటే తక్కువ వేగంలో బైకు మీద పోయేవాడికి హెల్మెట్ లేకపోతే పోలీసులు ఆపి ఫైన్ రాస్తున్నారు. టాపు మీద ఉన్నవాడి తలకు తుండుగుడ్డే.

నాకు బాగా తెలిసిన ఒక క్లీనరు ఇట్లాగే పడ్డాడు. ఫ్యాక్టరీ పేరు, ఊరి పేరు రాయను. ఇక్కడ వాటితో పని లేదు. వెనక మోకు బిగిస్తుండగా కింద కొక్కెం నుంచి ముడి జారింది. టాపు అంచున కాళ్లు తన్నిపెట్టి గుంజుతున్నవాడు వెల్లకిలా సిమెంటు నేల మీద పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు మంచి మనసుతోనే ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకొని ఎత్తి ఆటోలో మడిచి కూర్చోబెట్టారు. వెన్ను దెబ్బతిన్న మనిషిని అట్లా ఎత్తకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అతను నడవలేడు. తర్వాత జరిగింది ఇంకా బాధ కలిగించేది. ఫ్యాక్టరీవాళ్లు అతను మా మనిషి కాదన్నారు. మేస్త్రీ, వాడు లారీ మనిషి, మా హమాలీ కాదన్నాడు. లారీ ఓనరు వేరే రాష్ట్రంలో ఉన్నాడు, ఒక్క లారీ మీద బతికేవాడు, చేతనైంది పంపి ఆ తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి పుస్తకం చూసినా అతని పేరు వాళ్లకు సంబంధించినదిగా లేదు. నా కోపం ఆ ఖాళీ మీద.

ఈ మాట ఎత్తగానే పెద్దలు చెప్పే మొదటి పరిష్కారం సేఫ్టీ బెల్టు. బెల్టులు కొనిచ్చాం, వాళ్లే వేసుకోరు అంటారు. ఇక్కడ ఒక లెక్క ఉంది, అందరూ తెలుసుకోవాలి. బెల్టు తాడు సాధారణంగా 1.8 మీటర్లు. టాపు మీద తల పైన ఏమీ ఉండదు కాబట్టి ఆ తాడును కాళ్ల దగ్గరే, లోడు తాడుకో బాడీకో కడతారు. బెల్టు కొక్కెం వీపు మీద, పాదాలకు దాదాపు మీటరున్నర పైన ఉంటుంది. మనిషి పడి తాడు బిగిసేటప్పటికే అతని పాదాలు టాపుకు 3.3 మీటర్ల కింద ఉంటాయి. అక్కడితో ఆగదు. ఒంటికి దెబ్బ తగలకుండా తాడులో ఉండే షాక్ అబ్జార్బర్ చినుగుతూ 1.75 మీటర్ల దాకా సాగొచ్చు. మొత్తం 5 మీటర్లు దాటింది. లారీ ఎత్తేమో 4 మీటర్లు. బెల్టు ఆపే లోపలే నేల వచ్చేస్తుంది. సెల్ టవర్ ఎక్కేవాడిని కాపాడే బెల్టు లారీ ఎక్కేవాడిని కాపాడకపోవడానికి కారణం ఇదే. బెల్టు పంచి ఫోటో దిగి వెళ్లిపోయిన అధికారులకు ఈ లెక్క ఎవరూ చెప్పినట్టు లేదు.

బెల్టు పని చేయాలంటే దాన్ని తగిలించే చోటు తల పైన ఉండాలి. రెండు గట్టి స్తంభాలు, వాటి మధ్య లారీ పొడవును మించి ఒక ఉక్కు తీగ, ఆ తీగ మీద జరిగే పెట్టె. మెల్లగా నడిస్తే తాడు వదులుతూ, ఒక్కసారిగా గుంజితే కారు సీటు బెల్టు మాదిరి బిగుసుకుపోయే పెట్టెలు మార్కెట్లో దొరుకుతాయి. మనిషి కాలు జారితే మీటరు, మీటరున్నర లోపలే పట్టేస్తాయి. తీగ బరువు పడినప్పుడు ఎంత కిందికి వంగుతుందో ఇంజనీరు లెక్క కట్టాలి, స్తంభాల పునాది కూడా ఆ లెక్క మీదే పోయాలి. ఇది వెల్డింగ్ షాపులో చెప్పి చేయించే పని కాదు. ఇంతకంటే మేలైంది ఇంకొకటి ఉంది. లారీకి రెండు వైపులా లోడు ఎత్తుకు సమానంగా ఒక నడక వేదిక, నడుము దాటిన ఎత్తులో రెయిలింగ్. లారీ మధ్యలోకి వచ్చి నిలబడితే టాపుకు అటూ ఇటూ గోడ ఉన్నట్టే. మనిషి పడడానికి చోటే ఉండదు.

ఇవి కొత్త సంగతులేమీ కావు. పెట్రోలు డిపోకు వెళ్లి చూడండి. ట్యాంకరు పైన మూత తీసేవాడు గాంట్రీ వేదిక మీద నుంచి దిగే మెట్ల మీదుగా ట్యాంకరు పైకి వస్తాడు. అక్కడ మంటకు భయపడి అన్నీ పెట్టారు. అంత దూరం ఎందుకు, మన జ్యూస్ ఫ్యాక్టరీల లోపలే గుజ్జు నిల్వ చేసే స్టీలు ట్యాంకుల మీదికి పోవడానికి మెట్లు, రెయిలింగ్ ఉంటాయి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు వాటిని చూస్తాడు. అదే ఆవరణలో అదే ఎత్తున్న లారీ మీద మనిషి నిలబడి ఉంటే మాత్రం చూడడు. అది లారీవాళ్ల పని అనుకుంటాడు.

యార్డు అని నేను పట్టుబట్టడానికి కారణం చాలా సాదా. లారీ తిరుగుతుంది. ఈ రోజు బంగారుపాళెంలో, రేపు దామలచెరువు మండీలో, ఎల్లుండి మదనపల్లె టమోటా మార్కెట్లో ఉంటుంది. స్తంభాలూ వేదికలూ వెంట మోసుకుపోలేదు. యార్డు కదలదు. ఒకసారి కట్టిన వేదిక వందల లారీలకు పనికొస్తుంది. లారీ ఓనర్లలో చాలామందికి ఒకటో రెండో బండ్లు ఉంటాయి. కిస్తీలు కట్టి, టైర్లు మార్చి, డీజిల్ పోయించి, మిగిలినదాంతో ఇల్లు నడుపుకునేవాళ్లు. వాళ్ల మీద ఈ భారం వేస్తే కాగితం మీదే ఉండిపోతుంది.

చట్టం కూడా నా వైపే ఉందని నేను నమ్ముతున్నాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్లోనే, పడిపోయే ప్రమాదం ఉన్న ఎత్తులో పనిచేసేవాళ్లకు కంచె గానీ ఇంకో విధంగా గానీ రక్షణ కల్పించాలని రాశారు. లారీ కార్మికుల కోసం 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు, అంతకు మించి పనివాళ్లు ఉన్న సంస్థకు వర్తించేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ ఐదును పది చేసింది. ఒక డ్రైవరు, ఒక క్లీనరు ఉన్న ఓనరు మునుపూ అందలేదు, ఇప్పుడు మరింత దూరమయ్యాడు. దీన్ని నేను తప్పుబడుతున్నాను. కానీ అదే కోడ్ ఆరో సెక్షన్లో ఒక మంచి మాట ఉంది. యజమాని తన ఆవరణలో ఉన్న మనుషుల భద్రతకు, ఆరోగ్యానికి బాధ్యత వహించాలి, వాళ్లు అక్కడ ఉన్న సంగతి తనకు తెలిసినా తెలియకపోయినా. ఇందులో తన జీతగాళ్లే అన్న షరతు లేదు. లారీతో వచ్చిన క్లీనరు కూడా ఆ ఆవరణలో ఉన్న మనిషే. మా మనిషి కాదన్న జవాబు ఇక చెల్లకూడదు. కార్మిక శాఖ, ఫ్యాక్టరీల శాఖ ఈ సెక్షన్ చేతబట్టుకొని ఒక్కసారి చిత్తూరు, తిరుపతి జిల్లాల లోడింగ్ యార్డుల్లో తిరిగితే చాలు.

బయటి దేశాల్లో అంతా బాగుందని నేను అనను. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ 2016లో పడిపోవడం గురించి నిబంధనలు కొత్తగా రాసి, లారీల మీద పనికి ప్రత్యేకంగా నియమాలు చేర్చకుండానే వదిలేసింది. బ్రిటన్ 2005లో తెచ్చిన ఎత్తు పనుల నిబంధనలు మేలు. ఎన్ని అడుగులన్న లెక్క పెట్టుకోకుండా, పడితే దెబ్బ తగిలే ఎత్తు ఏదైనా ఎత్తే అంటాయి. అసలు ఎక్కకుండా పని అవుతుందేమో ముందు చూడు, కుదరకపోతే పడకుండా చూడు, అదీ కుదరకపోతే పడినా దెబ్బ తగ్గేట్టు చూడు అని వరుస చెబుతాయి. ఈ వరుసలో మొదటి మాటే నాకు అన్నిటికంటే ముఖ్యం.

ఎందుకంటే టాపు ఎక్కే అవసరం చాలా సార్లు తప్పించొచ్చు. ఇది నా పనికి సంబంధించింది కాబట్టి గట్టిగా చెప్పగలను. క్రేట్ల లోడు పైభాగం సమంగా ఉంటే పట్టను కింద నుంచే లాగొచ్చు. పట్ట ముందు అంచుకు రెండు మూలల్లో, మధ్యలో మూడు పొడవాటి తాళ్లు కుట్టిస్తే, వాటిని లోడు మీదుగా అవతలికి విసిరి, అటు ముగ్గురు నిలబడి లాగితే పట్ట దానంతట అదే పరుచుకుంటుంది. మడత ఎట్లా పెట్టామన్నదాని మీదే ఇదంతా ఆధారపడి ఉంటుంది. చాప చుట్టినట్టు చుట్టకుండా ఒకదాని మీద ఒకటి అటూ ఇటూ మడిచి పెట్టాలి. లాగే తాడు పడే చోట నేను గుడ్డ రెండు పొరలు వేసి, లోపల పట్టీ పెట్టి కుడతాను. మామూలు కన్నుకు కట్టి లాగితే ఊడుతుంది. హ్యాండిల్ తిప్పితే పట్ట చుట్టుకునే, పరుచుకునే ఏర్పాటున్న టిప్పర్లు కూడా రోడ్ల మీద తిరుగుతున్నాయి. డబ్బు ఎక్కువ పడుతుంది, నిజమే. మూడు తాళ్లకు మాత్రం పెద్దగా ఏమీ కాదు.

కంటైనర్ల సంగతి వేరు. డ్రమ్ముల్లో నింపిన మామిడి గుజ్జు చెన్నై ఓడరేవుకు 20 అడుగుల పెట్టెల్లో పోతుంది. శ్రీసిటీ వైపు ట్రైలర్ల రాకపోకలకు లెక్కే లేదు. పెట్టె ఎత్తు 2.59 మీటర్లు, ట్రైలరు ఎత్తు కలిస్తే 4 మీటర్లు దాటుతుంది. రేకుకు తూటు పడిందేమో, వాన కారుతుందేమో చూడమని మనిషిని పైకి ఎక్కిస్తారు. అవసరమే లేదు. లోపలికి వెళ్లి తలుపులు మూయించండి. తూటు ఉంటే చీకట్లో వెలుతురు చుక్కై కనబడుతుంది. తలుపు దగ్గర ఒక మనిషి మాత్రం బయట నిలబడి ఉండాలి, పిలిస్తే వెంటనే తీయడానికి. కొత్త కంటైనరు పైకప్పును 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు జాగాలో 300 కిలోలు పెట్టి పరీక్షిస్తారు, కాబట్టి మనిషిని మోస్తుంది. తుప్పు తిన్న పాతదాని మీద ఆ నమ్మకం పెట్టుకోకూడదు. క్లోజ్డ్ బాడీ లారీల పైన అల్యూమినియం రేకో ఫైబర్ షీటో ఉంటుంది. దాని కింద అడ్డ పట్టీలు ఉన్న చోటే కాలు నిలుస్తుంది. మధ్యలో అడుగు వేస్తే లోపలికి దిగబడుతుంది. వేసవిలో ఆ రేకు మీద ఒట్టి కాలు పెట్టలేరు, వానలో రబ్బరు చెప్పు నిలవదు. రిపేరు తప్పనిసరైతే షెడ్డులో, పక్కన వేదిక వేసుకొని చేయాలి. రోడ్డు పక్కన క్యాబిన్ మీద నుంచి దూకి చేయకూడదు.

కరెంటు తీగల గురించి రాయకుండా ఉండలేను. నెల్లూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి పాడి రైతుల కోసం వరిగడ్డి లారీలు వస్తాయి. గడ్డి బాడీకి నాలుగు వైపులా పొంగి ఉంటుంది, దాని మీద మనిషి కూర్చొని తీగలు ఎత్తుతూ వస్తాడు. కర్రతో తీగ ఎత్తడం! దీన్ని మనం ఎన్నేళ్లుగానో చూస్తూ మామూలు అనుకుంటున్నాం. విద్యుత్ భద్రతా నిబంధనల ప్రకారం వీధికి అడ్డంగా పోయే 11 కేవీ లైను నేలకు కనీసం 6.1 మీటర్ల పైన ఉండాలి. వీధి కాని చోట, తోటల మీదుగా పోయే లైనుకు 4.6 మీటర్లు ఉంటే చాలు. మామిడి తోటలో లోడయ్యేది ఆ రెండో రకం చోటే. 4 మీటర్ల లారీ టాపు మీద నిలబడితే నిబంధన ప్రకారం ఉన్న తీగ కూడా మనిషి మోకాలికి కాస్త పైన వస్తుంది. వేసవి వేడికి తీగ ఇంకా సాగుతుంది. 11 కేవీ తీగను ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి పోయినా పట్టేస్తుంది. పైన తీగ ఉన్న చోట లారీ నిలిపి లోడు ఎత్తకండి. తోట యజమాని ఆ చోటు ముందే చూసి పెట్టాలి. తీగ కిందికి వేలాడుతుంటే 1912కు ఫోను చేయండి. మన విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఈ రెండు జిల్లాల్లో మండీల, ఫ్యాక్టరీల లోడింగ్ చోట్ల మీదుగా పోయే లైన్లను సీజనుకు ముందే పక్కకు జరపడం వాళ్లకు అసాధ్యం కాదు.

లోడు మీద మనిషి ప్రమాదం యార్డుతో ముగిసిపోదు. 2025 జూలై 13 రాత్రి పుల్లంపేట మండలం రెడ్డిపల్లె చెరువు కట్ట మీద రైల్వేకోడూరుకు పోతున్న మామిడి లారీ బోల్తా పడింది. పగలంతా కాయలు కోసి, అదే లోడు మీద కూర్చొని ఇంటికి పోతున్న కూలీలు తొమ్మిది మంది కాయల కింద నలిగి చనిపోయారు. వాహనం టాపు మీద ప్రయాణం చేయకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్ చెబుతూనే ఉంది. కానీ రాత్రి పూట తోట నుంచి ఇంటికి పోవడానికి ఆ కూలీలకు ఇంకో బండి ఎవరు పెట్టారు? కాయ లోడు మాట్లాడినవాళ్లు కూలీల బండి కూడా మాట్లాడాలి. లోడు ఎవరిదో బాధ్యత వాళ్లదే అన్న మాట ఇక్కడా నిలుస్తుంది. తోటలో గేటు ఉండదు, అంతే తేడా.

నాకు తెలిసిన లారీవాళ్లు కొందరు నన్ను తప్పుబడతారు. ఇప్పటికే గేటు ముందు రోజంతా నిలబడుతున్నాం అన్నా, ఇంక వేదిక ఖాళీ అయ్యేదాకా కూడా కాచుకోవాలా అంటారు. వాళ్ల బాధ నిజం. లారీ నిలబడిన ప్రతి గంటా వాళ్ల జేబుకే చిల్లు. కానీ ఒక సంగతి చూసుకోండి. లోడు పూర్తయ్యాక కాటా దగ్గర, బిల్లు దగ్గర కాచుకునే సమయం పట్ట కట్టే సమయం కంటే ఎన్నో రెట్లు. వేదిక అందుకు అడ్డం కాదు. పైగా చదునైన వేదిక మీద నలుగురు నడుస్తూ కడితే పని త్వరగా అవుతుంది, ఒక్కడు టాపు మీద పాకుతూ కట్టేదానికంటే పట్ట బిగువుగా కూర్చుంటుంది. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడో భాకరాపేట ఘాట్ దిగేటప్పుడో పట్ట వదులై మళ్లీ రోడ్డు పక్కన ఆపి ఎక్కాల్సిన పని తగ్గుతుంది. నా దుకాణానికి వచ్చే చినిగిన పట్టలు కూడా తగ్గుతాయి. తగ్గనీ.

పడ్డవాడి విషయంలో ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఎత్తు నుంచి పడ్డ మనిషిని కదిలించకండి. తల, మెడ కదలకుండా ఒకరు పట్టుకొని కూర్చోండి, 108కు ఫోను చేయండి, ఆటో ఎక్కించకండి. ప్రతి యార్డులో ఒక గట్టి పలక స్ట్రెచరు, దాన్ని వాడడం నేర్చుకున్న ఇద్దరు మనుషులు ఉండాలి. హమాలీలు, క్లీనర్లు ఏడాదికి 20 రూపాయలు బ్యాంకులో కట్టి ప్రధానమంత్రి సురక్షా బీమా తీసుకోవాలి. ప్రాణం పోయినా శాశ్వతంగా పని చేయలేకపోయినా 2 లక్షలు వస్తాయి. అది యార్డు ఇవ్వాల్సిన పరిహారానికి బదులు కాదు. ఇంటివాళ్లు ఆ రోజు గడిపేందుకు.

సీజనుకు ముందు కలెక్టరు గారి దగ్గర ఫ్యాక్టరీలవాళ్లతో, రైతులతో తోతాపురి ధర మీద సమావేశం జరుగుతుంది. ఆ సమావేశంలోనే టాపు పని గురించి కూడా ఒక తీర్మానం కావాలని నేను అడుగుతున్నాను. లారీ లోడు చేసే ప్రతి ఫ్యాక్టరీ, ప్రతి మార్కెట్ యార్డు కనీసం ఒక నడక వేదిక గానీ తల పైన తీగ గానీ కట్టాలి. అది లేని చోట పట్ట కింద నుంచే లాగాలి, గాలి లేచినప్పుడు, చీకటి పడ్డాక ఎవరినీ పైకి పంపకూడదు. గేటు పుస్తకంలో లారీ నంబరు రాసే చోటే డ్రైవరు, క్లీనరు, హమాలీల పేర్లు రాయాలి. పడితే ఆ పుస్తకమే సాక్ష్యం. ఫ్యాక్టరీల శాఖవాళ్లు ట్యాంకుల రెయిలింగ్ చూసినట్టే లోడింగ్ చోటు కూడా చూసి రిపోర్టులో రాయాలి. వేదికకు కావాల్సిన లారీ కొలతలు, పట్టల కొలతలు నా దగ్గర ఉన్నాయి. ఏ యార్డువాళ్లు అడిగినా ఇస్తాను. ఫిబ్రవరిలో పునాదులు తీస్తే, కాయ గేటు దగ్గరికి వచ్చేలోగా వేదిక నిలబడుతుంది.